దొరసాని నుదుటి బొట్టు

ఉమ్మి గురించి మొదలుపెడుతున్నందుకు ఏమీ అనుకోకండి. పాత తైలవర్ణ చిత్రాలను బాగుచేసే పనిలోకి కొత్తగా వచ్చిన మీకు సీసాల్లో రకరకాల మందులు చూపించి ఉంటారు. వాటన్నిటికంటే ముందు వాడేది మన నోట్లోనే ఉంది. పుల్లకు దూది చుట్టి, నాలుక మీద తడిచేసి, బొమ్మ మీద మెల్లగా దొర్లిస్తే పొగ, దుమ్ము, జిడ్డు చక్కగా వదులుతాయి. ఒకసారి వాడిన పుల్ల మళ్ళీ నోటి దగ్గరికి తీసుకుపోకండి, అంతే. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఈ పని చేశాను. ఒక్క చోట తప్ప ఎక్కడా దీనికి తిట్లు తినలేదు. ఆ ఒక్క చోటు నేను పుట్టిన ఊరే.

నేను కేజీఎఫ్‌లో, అంటే కోలారు బంగారు గనుల ఊళ్ళో, లైన్లలో పుట్టినదాన్ని. లైన్లంటే గని కార్మికులకు కట్టించిన వరస ఇళ్ళు. చిత్తూరు వైపు పల్లె నుంచి మా తాత గని పనికి వచ్చాడు, మా నాన్న అదే గనిలో దిగాడు, నేను చదువుకుని బెంగళూరు పారిపోయాను. రిటైరు కావడానికి ఇంక కొద్ది నెలలున్నాయనగా మా ఆఫీసరుగారు నన్ను మళ్ళీ అక్కడికే పంపారు. దొరల కాలం నాటి ఒక క్లబ్బు భవనాన్ని బాగుచేసి, కింది హాల్లో ఊరి పాత వస్తువులు పెట్టాలని ఎవరో పెద్దలు నిర్ణయించారు. ఆ వస్తువుల్లో అన్నిటికంటే ఘనమైనది మెట్ల మలుపులో వేలాడుతున్న చిత్రం. దాన్ని శుభ్రం చేసి, కొత్త ఫ్రేములో నిలబెట్టాలి. నాతో పాటు ఫ్రేముల మేస్త్రి వచ్చాడు. నంగలి ఊరి వైపు మనిషి, నా కంటే చిన్నవాడు, చేతిలో ఉలి లేని సమయంలో ఫోను ఉంటుంది. "మీ సొంతూరే కదా, మీకు సులువు," అన్నారు ఆఫీసరుగారు. సొంతూళ్ళో ఏ పనీ సులువు కాదని ఆయనకెలా తెలుస్తుంది?

ఆ చిత్రం అసలుది కాదు, నకలు. అయిదు వందల ఏళ్ళ కిందట ఇటలీలో ఏదో రాజాస్థానంలో ఒక గొప్పింటి ఆమెను కూర్చోబెట్టి గీసిన చిత్రాన్ని, చాలాకాలం తరవాత ఇంకెవరో చూసి గీశారు. ఏ దొర కొన్నాడో, ఏ దొరసాని ముచ్చటపడిందో, ఓడెక్కి ఇంత దూరం వచ్చింది. ద్రాక్షపండు రంగు ముఖమల్ గౌను. భుజాల దగ్గర బాగా ఉబ్బిన చేతులు, వాటికి పెట్టిన చీలికల్లోంచి కనబడే తెల్లబట్ట. మెడలో ముత్యాల పేటలు. ఒక చేతిలో తొడుక్కోకుండా పట్టుకున్న చేతితొడుగులు. ముఖం కొంచెం పక్కకు తిప్పి, వీళ్ళు ఇంకా ఎంతసేపు నిలబడతారో అన్నట్టు మన వంక చూస్తుంది. ఆ కాలపు ఆస్థానాల్లో ఇలాంటి బొమ్మలను సంబంధాలు కుదుర్చుకోవడానికి కూడా పంపేవారు. మన పెళ్ళిచూపుల ఫోటో లాంటిదే అనుకోండి. జుట్టు బిగించి వెనక్కి లాగి బంగారు వలలో కట్టారు. నుదురు చాలా ఎత్తు. అప్పట్లో వాళ్ళకు ఎత్తు నుదురే అందం, అదే ఘనత. దానికోసం ముందు జుట్టు పీకించుకునేవారట.

ఆ విశాలమైన నుదుటి నడుమ ఎర్రగా ఒక కుంకుమ బొట్టు ఉంది.

మేస్త్రి దాన్ని చూసి, "అక్కా, ఈమె మన పిల్లే!" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ తరవాత చాలా రోజులు నాకు ఆ నవ్వు మళ్ళీ రాలేదు.

చిత్రాన్ని దించి, మెట్ల కింద వెలుతురున్న చోట బల్ల మీద ఆనించి, పని మొదలుపెట్టాను. ఇక్కడ నా అలవాటు ఒకటి చెప్పాలి. తలకు కట్టుకునే భూతద్దం పట్టీ సరిగ్గా నుదుటి మీద పడుతుంది. స్టిక్కరు బొట్టు నలిగి ఊడిపోతుంది. అందుకని పనికి కూర్చునే ముందు స్టిక్కరు తీసి ఆ పట్టీకే అంటించుకునేదాన్ని. ఆ రోజూ అంతే. పుల్ల తడిచేసి దొరసాని బుగ్గ మీద దొర్లించానో లేదో, వెనక నుంచి ఒక కేక.

"ఓయమ్మా! ఏం చేస్తా ఉండావు? ఎంగిలి పూస్తా ఉండావా ఆ తల్లి మొకానికి?"

వెలిసిన నీలం చీర, చేతిలో చీపురు, బక్కపలచని ముసలామె. నుదుట ఏమీ లేదు.

"ఎంగిలి కాదమ్మా, మా పని ఇట్లనే. మురికి పోతాది."

"మురికి పోయేదానికి ఊర్లో నీళ్ళు లేవా? నీ ఎంగిలి తీసకపోయి నీ మొగుడికి పూసుకో పో!"

మేస్త్రి ఉలి కింద పడేసి మరీ నవ్వాడు. ఆమె వాడి వైపు చీపురు చూపించి, మళ్ళీ నా వైపు తిరిగింది. "యా ఊరు నీది?"

"ఈ ఊరే. లైన్లో పుట్టినదాన్నే."

"లైన్లో పుట్టి నుదురు ఖాళీ పెట్టుకోని కూసున్నావా?"

నేను పట్టీకి అంటించిన స్టిక్కరు చూపించాను. ఆమె దగ్గరికి వచ్చి దాన్ని చూసింది, నన్ను చూసింది. "బొట్టు అద్దానికి పెట్టుకున్నావా! బాగుండాది నీ సదువు," అంది.

ఒకప్పుడు ఆమె ఆ క్లబ్బులో ఊడ్చే పని చేసేదట. ఆ ఉద్యోగం ఎప్పుడో పోయింది. అయినా ప్రతి శుక్రవారం వచ్చి మెట్లు ఊడ్చి పోతుంది. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. నా ఎంగిలి వ్యవహారం చూశాక మాత్రం రోజూ రావడం మొదలుపెట్టింది. మెట్టు మీద కూర్చుని నా చేతినే చూసేది. ఆమె ఇటు చూస్తున్నప్పుడు నీళ్ళు, అటు తిరిగినప్పుడు ఉమ్మి. ఉద్యోగ జీవితం చివర్లో దొంగతనం కూడా నేర్చుకున్నాను.

ముఖం శుభ్రమయ్యేకొద్దీ బొట్టు ఇంకా ఎర్రగా కనిపించసాగింది. భూతద్దం కింద చూస్తే అది ఒక బొట్టు కాదు. అడుగున నల్లబడి, ఎండి, చెరువు మట్టిలా పగిలిన పాత పొర. దాని మీద కొత్త పొర, అంటుకోవడానికి కుంకుమలో కలిపిన నూనె కూడా ఆరలేదు. కుంకుమలో సున్నం ఉంటుంది కదా, అది నూనెతో కలిసి కింది రంగును కొద్దికొద్దిగా తినేస్తోంది. ఫోటో తీసి ఆఫీసరుగారికి పంపాను. "తీసేయండి. ఇలాగే వదిలితే కాన్వాసు కూడా పోతుంది," అన్నారు కన్నడంలో. ఆయన మాటలో తప్పేమీ లేదు. నేను ఆఫీసరునైనా అదే చెప్పేదాన్ని.

ఆ సాయంకాలం ముసలామెను అడిగాను. "అమ్మా, ఈ బొట్టు ఎవురు పెట్నారు?"

"మొదుట మా అత్త పెట్టింది," అంది ఆమె, పెద్ద విషయమేమీ కానట్టు. "ఆయమ్మ ఈడ మెట్లు ఊడ్చేది. మా మామ లోపల దిగేటోడు. ఒకతూరి లోపల బండ పగిలి మనుషులు చిక్కుకోని పోయినారు. మామ బతికి పైకొచ్చినాడు. అయినా అత్తకి ఇంగ ఈమె మొకం చూస్తే గాబరి. 'దినామూ పొద్దున్నే ఈ ఖాళీ నుదురు చూసుకోని పోతా ఉంటే మన మొగోళ్ళు ఎట్ల పైకొస్తారే' అని, కుంకుమ తెచ్చి పెట్టేసింది. దొర చూసి నవ్వినాడంట. తుడిచేయమని చెప్పలేదంట. అత్త పోయినాక నేను పెట్టినా. లైన్లో ఆడోళ్ళంతా 'నా కోసరం ఒక చుక్క పెట్టక్కా' అని చెప్పి పంపేటోళ్ళు."

మీకిది వింతగా ఉండొచ్చు. నాకు అనిపించలేదు. మా అమ్మ కూడా అంతే. నాన్న లోపలికి దిగాక ఆమె ముఖం కడిగేది కాదు. తడిచేత్తో కళ్ళు, బుగ్గలు తుడుచుకునేది. షిఫ్టు ముగిసిన సైరన్ మోగి, నాన్న చెప్పుల చప్పుడు వినబడ్డాకే నుదుటికి నీళ్ళు తగిలేవి. కింద మనిషి ఉన్నంతసేపు పైన బొట్టు చెరగకూడదు. మా లైన్లో ఇది ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అందరికీ తెలుసు. అక్కడ ఇటలీలో ఘనత అనుకున్న ఆ ఖాళీ నుదురు, ఇక్కడికి వచ్చేసరికి అరిష్టమైంది.

"సరేనమ్మా. గనులు మూసేసి ఎన్నేండ్లాయ. ఇది కొత్త కుంకుమ గదా. ఇప్పుడు ఎవురికి పెడ్తా ఉండావు?"

ఆమె చీపురు పుల్లలు సర్దుకుంది. తరవాత, "నా మనవరాలికి," అంది.

కూతురు పోతే ఆ పిల్లను ఈమే పెంచింది. డిప్లొమా చదివించింది. ఇప్పుడు బెంగళూరులో భూమి కింద రైలు సొరంగం తవ్వే చోట కొలతల పని. తెల్లారి రైలుకు పోతుంది, సాయంకాలం రైలుకు వస్తుంది. మధ్యలో రోజంతా కింద ఉంటుంది. ఫోను పైన డబ్బాలో పెట్టి దిగాలట. మధ్యాహ్నం అన్నానికి పైకి వచ్చినప్పుడు ఒక్కసారి అవ్వకు ఫోను చేస్తుంది.

"మా కాలంలో ఆడది లోపల దిగేదే లేదు. మొగోడు దిగితే పెండ్లాం నుదురు కాస్తాది. ఆడపిల్ల దిగితే ఎవురు కాయాల? దానికి పెండ్లి కాలేదు. దాని అమ్మ లేదు. నా మొగుడు పోయినాడు, నా నుదురు పనికి రాదు. ఇంట్లో ఇంగ నుదురు యాడుండాది చెప్పు. ఈమెదే ఉండేది."

నేను తలెత్తి దొరసానిని చూశాను. ఆమె ఎప్పటిలాగే మా ఇద్దరినీ భరిస్తున్నట్టు చూస్తోంది.

నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. కానీ భయం ఉంది. చదువు వల్ల నమ్మకం పోయింది, భయం మాత్రం లైన్లలోనే ఉండిపోయి నా కోసం కాచుకున్నట్టుంది. ఆ రాత్రి బసలో పడుకుని ఆ పిల్ల గురించే ఆలోచించాను. ముఖం కూడా చూడని పిల్ల. పొద్దున్నే ఒక ఉపాయం తట్టింది. ఆదివారం ఆ పిల్లకు సెలవు. ఆదివారం బొట్టు తీస్తే సరి, అప్పుడు కింద ఎవరూ ఉండరు. ముసలామె కూడా ఒప్పుకుంది. "ఆదివారమైతే తీసుకో. సోమారం సంగతి నేను చూసుకుంటా," అంది. సోమవారం ఆమె ఏం చూసుకుంటుందో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

మనం అనుకున్నట్టు జరిగితే అది ప్రభుత్వ కార్యక్రమం ఎలా అవుతుంది? గురువారం సాయంత్రం ఆఫీసరుగారి ఫోను. హాలు ప్రారంభించే ముఖ్య అతిథికి వీలు మారిందట, వేడుక ముందుకు జరిపారట. "వార్నిష్ ఆరాలి కదా. రేపటికల్లా ముఖం పని ముగించండి."

"ఆదివారం చేస్తాను సార్."

"ఆదివారమే ఎందుకు? పంచాంగం చూసి పని చేస్తున్నారా మేడం?"

"లేదు సార్," అన్నాను. అంతకంటే నిజం చెప్పే దారి నాకు కనబడలేదు.

శుక్రవారం ఆమె కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది. నేను పుల్లలు, దూది ఏమీ ముట్టుకోకుండా కూర్చుని ఉన్నాను. నన్ను చూడగానే ఆమెకు అర్థమైంది.

"ఈ దినమేనా?"

"ఈ దినమే తీయాల. పిల్ల పోయిందా?"

"తెల్లారే పోయింది." ఆమె మెట్టు మీద కూర్చుంది. "తీయకపోతే?"

"నేను తీయకపోతే ఇంగొకరొస్తారు. వాండ్లు నా మాదిరి మెల్లిగా తీయరు. ఇట్లే పెడ్తా పోతే కొన్నాళ్ళకి ఈమె నుదుటికే బొక్క పడ్తాది."

"నుదుటికే బొక్కా!" ఆ మాట ఆమెకు గట్టిగా తగిలింది. చాలాసేపు దొరసానినే చూసింది. "సరే, తీయి. కానీ నా మనవరాలు వచ్చేదాకా నువ్వు యాడికీ పోకూడదు. తీసినదానివి నువ్వే గదా, నాతోనే కూసోవాల."

"కూసుంటా," అన్నాను. ఉద్యోగంలో నేను పెట్టిన సంతకాలన్నిటికంటే ఆ ఒక్క మాట బరువుగా అనిపించింది.

స్టిక్కరు తీసి పట్టీకి అంటించుకుని భూతద్దం దించుకున్నాను. పని గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలిసిందే. మందు వేసి మెత్తబరచడం, పుల్ల మీద దొర్లించి ఎత్తడం, మళ్ళీ కొత్త పుల్ల. పై పొర తేలికగా వచ్చింది. పళ్ళెంలో దూది ముక్కలు ఒకటొకటిగా ఎర్రబడుతుంటే అవి చూడకుండా ఆమె కొంగుతో కళ్ళు మూసుకుంది. పాత పొర మొండికేసింది. అది వచ్చాక, దాని కింద నేను భయపడినదే కనిపించింది. రంగు లేదు. పెసరబద్దంత మేర బోసి కాన్వాసు. అప్పటికే బొక్క పడిపోయింది, కుంకుమే దాన్ని కప్పి ఉంచింది.

పుల్ల పళ్ళెంలో పెట్టేశాను. ఇన్నేళ్ళలో ఎన్నో బొమ్మల్లో ఎన్నో చిల్లులు చూశాను, పూడ్చాను. ఇది చిన్నది. పూత పెట్టి రంగు కలిపితే కనిపెట్టడం కష్టం. అదంతా తెలుసు. అయినా ఆ తెల్లటి చోటునే చూస్తూ ఉండిపోయాను. ఇంత చిన్న చోట ఎంతమంది ఆడవాళ్ళు తమ మొగుళ్ళను దాచుకున్నారో అనిపించింది. పూత పెట్టి, అది ఆరడానికి వదిలి, ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

మధ్యాహ్నం ఫోను రాలేదు.

ఆమె చిన్న ఫోను మెట్టు మీద ఇద్దరి మధ్యా పెట్టింది. ఇద్దరం దాన్నే చూస్తున్నాం. "పనిలో ఉండాదేమో," అన్నాను. "అన్నం తినకుండానా?" అంది. ఇంకాసేపటికి ఆమే చేసింది. స్విచ్చాఫ్. సిగ్నల్ ఉండదమ్మా అని నేను, దినామూ ఉంటాది గదా అని ఆమె. నేను చెప్పిన ప్రతి సమాధానానికీ ఆమె దగ్గర ఇంకో ప్రశ్న ఉంది.

అప్పుడే మా మేస్త్రి, ఫోను చూస్తూ కిందికి దిగి వచ్చాడు. మనసు మంచిదే, నోటికి మాత్రం గొళ్ళెం లేదు. "అక్కా, చూసినావా? బెంగళూర్లో యాడో సొరంగం పనికాడ నీళ్ళు దూరినాయంట. మనుషుల్ని పైకి తెస్తా ఉండారంట," అన్నాడు. నేను కళ్ళు ఉరిమి చూసేసరికి వాడికి వెలిగింది. అప్పటికే మాట బయటపడింది.

ఆమె ఏడవలేదు. కేక పెట్టలేదు. నా వైపు తిరిగి, "నీ బొట్టు యాడ?" అంది.

భూతద్దం పట్టీ తడిమాను. స్టిక్కరు లేదు. ఎప్పుడు ఊడిపడిందో తెలియదు. బల్ల మీద చూశాను, పళ్ళెంలో చూశాను. మోకాళ్ళ మీద కూర్చుని గచ్చు మీద, దూది ముక్కల మధ్య, ఫ్రేము చెక్కల కింద వెతికాను. ప్రభుత్వంలో ఇంతకాలం పనిచేసి, చేతికింద మనుషులున్న ఆడదాన్ని, ఒక రూపాయి స్టిక్కరు కోసం నేలమీద పాకుతున్నాను. సిగ్గు కూడా వేయలేదు. ఆ భవనంలో ఉన్న నుదుళ్ళన్నీ ఖాళీ. దొరసానిది నేనే ఖాళీ చేశాను. ఆ పిల్ల మాత్రం కిందే ఉంది.

ముసలామె భరిణె మూత తీసి నా వైపు జరిపింది. "పెట్టుకో."

"నువ్వే పెట్టమ్మా."

"నా చేత్తో పెట్టకూడదు."

"దొరసానికి పెట్టినావు గదా!"

"దానికి మొగుడుంటే గదా పోయేదానికి," అంది. ఆ పరిస్థితిలో కూడా అంది.

నేనే పెట్టుకున్నాను. అద్దం లేదు. మేస్త్రి ఎదురుగా నిలబడి, "కొంచెం ఎడమకి అక్కా, ఆ, అంతే," అని చెప్పాడు. వాడి గొంతులో ఆటలేమీ లేవు. చేసిన తప్పు దిద్దుకోవాలని, ముసలామెను పిల్ల గుర్తులడిగి, బండి తీసుకుని స్టేషనుకు పోయాడు.

ఆ సాయంకాలం గురించి మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. బయట గాలి లేచి, గని మట్టి పోసిన సైనైడు దిబ్బల మీది దుమ్ము కిటికీల్లోంచి వస్తోంది. ఆరని పూత మీద దుమ్ము పడుతుందని కిటికీలు మూయాలి. లేవడానికి భయమేసింది. చెమట పడితే కుంకుమ కారుతుందేమోనని భయం, తుడుచుకుంటే చెరుగుతుందేమోనని భయం. ఇదంతా వట్టిదని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. చెయ్యి మాత్రం మాటిమాటికీ నుదుటి దగ్గరికి పోతోంది, ఉందా లేదా అని. మా అమ్మ ఇన్నేళ్ళు ఇలా ఎలా బతికిందో నాకు ఆ రోజే తెలిసింది.

రైలు కూత వినబడింది. ఆమె లేచి నిలబడింది. మేస్త్రి బండి వచ్చింది. వాడొక్కడే దిగాడు.

"రైల్లో లేదక్కా. అన్ని పెట్టెలూ చూసినా," అన్నాడు, నా వైపే చూస్తూ. ఆమె వైపు చూడలేకపోయాడు. ఆమె మెల్లగా మళ్ళీ కూర్చుంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. "నేనే తీసినా గదా," అన్నాను. ఆమె నా చెయ్యి వదిలించుకోలేదు, కాదనీ అనలేదు.

కాసేపటికి గేటు దగ్గర ఆటో ఆగింది.

"అవ్వా! ఇంటికి బీగం యేసి ఈడేం చేస్తా ఉండావు?"

మోకాళ్ళదాకా మట్టి, చంకలో పసుపు టోపీ, భుజాన సంచి. పొట్టిగా, గట్టిగా ఉన్న పిల్ల. ముసలామె పోయి ముందు భుజం మీద ఫట్మని కొట్టింది. ఇంకొకటి కొట్టింది. తరవాత అదే భుజం మీద తల పెట్టి ఏడ్చింది. "ఫోను యాడ పెట్టినావే! ఫోను యాడే!"

"నీళ్ళొచ్చినాయవ్వా. ఎవురికీ ఏమీ కాలేదు, అందర్నీ నడిపించి పైకి తెచ్చినారు. ఫోను డబ్బా ఆఫీసు రూములో పెట్టి బీగం యేసేసినారు, తాళంచెవి ఉండే ఆయప్ప దొరికేసరికి చార్జి లేదు. రైలు తప్పిపోయింది, కోలారు బస్సెక్కి వచ్చినా. ఎందుకింత గాబరి?"

అప్పుడు ఆ పిల్ల బల్ల మీది చిత్రాన్ని చూసింది. "అదేంది, దొరసాని బొట్టు తీసేసినారా? ఈ మాదిరి కూడా బాగుండాదే!"

ముసలామె ముఖం తిప్పుకుంది. నేను చెప్పేశాను, ఆ బొట్టు ఎవరి కోసం పెడుతోందో. ఆ పిల్ల నమ్మలేనట్టు చూసింది. "నా కోసరమా? పాత అలవాటు, దొరసాని మీద నీకు మోజు అనుకున్నా గదవ్వా."

"నా నుదురు పనికి రాదు గదే, ఇంగేం చేసేది," అంది ముసలామె, ఎవరికో చెబుతున్నట్టు.

పిల్ల టోపీ కింద పెట్టింది. మట్టి చేతులు ప్యాంటుకు తుడుచుకుంది. మెట్టు మీదున్న భరిణెలో వేలు ముంచి, ఆమె వెనక్కి తగ్గే లోపలే అవ్వ నుదుటిన బొట్టు పెట్టేసింది.

"ఒసే! మొగుడు పోయినదానికి బొట్టేందే! నలుగురు చూస్తే ఏమంటారే!"

"దిగేది నేను గదా. యా నుదుటిన ఉండాలో నేను చెప్తా," అంది పిల్ల.

ముసలామె తిట్టింది. పిల్లను తిట్టింది, దాని చదువును తిట్టింది, ఎంగిలి పూసి ఇదంతా మొదలుపెట్టానని నన్ను తిట్టింది, నవ్వుతున్న మేస్త్రిని వాడి వంశంతో సహా తిట్టింది. గేటు దాటి ఇంటికి పోయేదాకా తిడుతూనే ఉంది. తుడుచుకోలేదు.

మర్నాడు రంగు కలిపి నుదురు పూర్తిచేశాను. పక్క నుంచి వెలుతురు పడితే తప్ప ఆ చోటు ఎవరికీ కనబడదు. మా ఆఫీసరుగారు వచ్చి, భూతద్దం పెట్టి చూసి, "చాలా బాగుంది," అన్నారు. నా నుదుటి మీద పెద్ద కుంకుమ బొట్టును కూడా చూశారు. మళ్ళీ పంచాంగం మాట ఎత్తలేదు. వేడుక జరిగింది, అతిథి దొరసాని ముందు నిలబడి ఫోటో దిగాడు, ఈమె ఎవరని ఒకరిద్దరు అడిగారు, ఎవరికీ తెలియలేదు.

రిటైరయ్యాక ఒకసారి బంధువుల పెళ్ళికి ఆవని అనే ఊరి వైపు పోతూ, ఆగి ఆ హాలు చూడటానికి వెళ్ళాను. శుక్రవారం అని గుర్తులేదు. ముసలామె మెట్లు ఊడుస్తోంది. నుదుట చిన్న బొట్టు, చక్కగా, గుండ్రంగా. దొరసాని ఫ్రేములోంచి ఎప్పటిలాగే పక్కకు చూస్తోంది.

అంతకు ముందే ఆ పిల్ల నాకు ఫోను చేసి చెప్పింది. వాళ్ళ సొరంగం పని ముగిసిందట, తనను ఆఫీసుకు మార్చారట, ఇక కిందికి దిగనక్కర్లేదట.

"ఏమమ్మా, మనవరాలు ఇంగ లోపల దిగేది లేదంట గదా?" అన్నాను.

"లేదు. మూడో అంతస్తులో కుర్చీలో కూసోబెట్నారంట."

నా చూపు ఆమె నుదుటి మీదికి పోయింది. ఆమె గమనించింది. నడుం నిటారుగా చేసుకుని, కొంగు సర్దుకుంది.

"మూడో అంతస్తంటే ఏమనుకున్నావు? దినామూ లిఫ్టులోనే గదా దిగాల," అని, వంగి మళ్ళీ ఊడ్చుకోవడం మొదలుపెట్టింది.